‘బెల్టు మార్చేశాం సార్’ అంటే నమ్మకండి: 850 రూపాయల బిల్లు నాకు 80 వేలు పెట్టించింది

సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు కొనబోతున్నవాళ్లు అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి. ఇచ్చేసినవాళ్లు ఇవాళే బండి కాగితాలు బయటికి తీయండి.

హైదరాబాద్‌లో ఒక పాత కార్ల యార్డులో నాలుగు నెలల క్రితం కారు కొన్నాను. 2014 మోడల్, డీజిల్, 92 వేల కిలోమీటర్లు తిరిగింది, ధర 3 లక్షల 90 వేలు. నాకు బండ్ల గురించి పెద్దగా తెలియదు. అయినా ఇంజన్ లోపలుండే టైమింగ్ బెల్టు సంగతి ఎవరో చెప్పగా విని ఉన్నాను కాబట్టి ఆ ఒక్క ప్రశ్న మాత్రం అడిగాను. ‘మార్చేశాం సార్, బిల్లు కూడా ఉంది’ అన్నాడు యార్డతను. ఫైల్లోంచి ఒక కాగితం తీసి చూపించాడు. అందులో ‘బెల్ట్ - 1, రూ. 850’ అని ఉంది. బెల్టు అని ఉంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. నా తెలివి అక్కడితో ఆగిపోయింది.

పోయిన నెల బంధువుల పెళ్లికి విజయవాడ బయల్దేరాం. కొర్లపహాడ్ టోల్‌గేటు దాటి సూర్యాపేట వైపు వెళ్తుంటే, స్పీడు ఎనభై లోపే ఉంటుంది, ముందు నుంచి ‘టప్’మని చిన్న చప్పుడు వచ్చింది. రాయేదో తగిలిందేమో అన్నది మా ఆవిడ. అంతలోనే ఇంజన్ ఆగిపోయింది. డాష్‌బోర్డు మీద ఎర్ర లైట్లన్నీ వెలిగాయి. స్టీరింగ్ బిగుసుకుపోయింది. బ్రేకు మొదటి రెండుసార్లు మామూలుగానే పడింది, ఆ తర్వాత రాయి మీద కాలేసినట్టు అయిపోయింది. వెనక లారీ హారన్ కొడుతుంటే ఎలాగో ఎడమ పక్కకి లాగి ఆపాను. డిక్కీలో పెట్టుడు చీరలు, వెనక సీట్లో నిద్రలేచి ఏడుస్తున్న పాప.

అక్కడ నేను చేసిన రెండో తప్పు, మళ్లీ మళ్లీ స్టార్ట్ చేయడం. తాళం తిప్పితే స్టార్టర్ ఎప్పటికన్నా తేలిగ్గా, జుయ్యిమని తిరిగింది కానీ ఇంజన్ అందుకోలేదు. అలా తేలిగ్గా తిరిగిందంటే లోపల కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కిపట్టడం) లేదని అర్థమట. నడుస్తున్న బండి ఇలా ఠక్కున ఆగితే తాళం ముట్టుకోకండి, తిప్పిన కొద్దీ లోపల నష్టం పెరగొచ్చు. 1033కి ఫోన్ చేస్తే హైవే వాళ్ల సాయం అందుతుంది. సూర్యాపేటలో షెడ్డు దాకా చేర్చడానికి, అక్కడి నుంచి మర్నాడు హైదరాబాద్ తేవడానికి టోయింగ్ కింద 6,500 అయింది.

సూర్యాపేట మెకానిక్ ఇంజన్ పక్కనున్న ప్లాస్టిక్ కవరు విప్పి తెగిన బెల్టు బయటికి లాగాడు. రబ్బరంతా పగుళ్లు, కొన్ని పళ్లు ఊడిపోయి ఉన్నాయి. వెనక్కి తిప్పి చూసి, ‘ఇది కంపెనీ నుంచి వచ్చిన బెల్టే సార్. ఒక్కసారి గూడ ఇప్పలే’ అన్నాడు. నేను ఫోన్లో బిల్లు ఫోటో చూపించాను. నవ్వలేదు పాపం. ‘ఇది బయట బెల్టు బిల్లు సార్’ అన్నాడు.

అసలు మోసమంతా ఈ మాటలోనే ఉంది. బానెట్ ఎత్తగానే కనిపించేది ఆల్టర్నేటర్‌నీ ఏసీ కంప్రెసర్‌నీ తిప్పే బయటి బెల్టు. మనవాళ్లు దాన్ని ఇప్పటికీ ఫ్యాన్ బెల్టనే అంటారు. అది తెగితే బ్యాటరీ ఛార్జింగూ ఏసీ ఆగుతాయి, తిట్టుకుంటూ మార్పించుకుంటాం. టైమింగ్ బెల్టు కవరు లోపల ఉంటుంది, బయటికి కనబడదు. కింద పిస్టన్లకి కలిపి ఉండే క్రాంక్ రెండు చుట్లు తిరిగితే, పైన వాల్వుల్ని (గాలీ పొగా వచ్చిపోయే మూతల్ని) తెరిచే క్యామ్ సరిగ్గా ఒక చుట్టు తిరిగేలా పట్టి ఉంచేది అదే. అది తెగితే క్యామ్ ఆగిపోతుంది, తెరుచుకున్న వాల్వులు తెరుచుకున్నట్టే ఉండిపోతాయి, పిస్టన్లు మాత్రం ఇంకా పైకి వస్తూనే ఉంటాయి. ఇంజన్ నిమిషానికి రెండు వేల చుట్లు తిరుగుతోందంటే సెకనుకి 33 చుట్లు. మనం బ్రేకు మీద కాలేసేలోపే లోపల అంతా అయిపోతుంది. డీజిల్ ఇంజన్లలో పిస్టన్‌కీ వాల్వుకీ మధ్య జాగా చాలా తక్కువ కాబట్టి దాదాపుగా దెబ్బ తగిలి తీరుతుంది.

నా బండిలో ఎనిమిది వాల్వులకి ఆరు వంగిపోయాయి. హెడ్ (వాల్వులుండే ఇంజన్ పైభాగం) విప్పి లేత్‌కి పంపించి, ప్రెషర్ టెస్ట్ చేయించి, వాల్వులూ గైడ్లూ గ్యాస్కెట్టూ కొత్త బెల్టు కిట్టూ వేసేసరికి 74 వేలు, పందొమ్మిది రోజులు. ఇన్సూరెన్స్ వాళ్లని అడిగితే మెకానికల్ బ్రేక్‌డౌన్ పాలసీలో రాదన్నారు. మామూలు మోటారు పాలసీలు అన్నింటిలోనూ ఉన్న షరతే అది, వాళ్లని అని లాభం లేదు. యార్డు ఇచ్చిన ఆరు నెలల వారంటీలో బెల్టులు, అరిగిపోయే పార్టులు మినహాయింపని వెనక పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది.

ముందే మార్పించి ఉంటే ఇదే బండికి కిట్టూ లేబరూ కలిపి 14 వేలు అయ్యేదట. అంటే ఇలాంటి బండికి ‘టైమింగ్ బెల్టు మార్చాం’ అని 850 రూపాయల బిల్లు చూపించారంటే అది టైమింగ్ బెల్టు కానే కాదు. నిజంగా మార్చినవాళ్లు బెల్టుతో పాటు, దాన్ని బిగువుగా, దారి తప్పకుండా పట్టి ఉంచే టెన్షనరూ ఐడ్లర్ బేరింగూ మారుస్తారు. చాలా బండ్లలో వాటర్ పంపు కూడా ఆ బెల్టుతోనే తిరుగుతుంది కాబట్టి అదీ మారుస్తారు. ఈ పేర్లు, అప్పటి కిలోమీటర్లు, తేదీ బిల్లులో కనిపించాలి. పాత టెన్షనర్ బేరింగ్ పట్టేస్తే కొత్త బెల్టు కూడా తెగుతుంది. అలాంటి బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్కేసుకుని, ఆ ఖర్చు బండి ధరలో తగ్గించమనండి. ఇంటికి తెచ్చిన వారంలోనే మార్పించేయండి.

‘తక్కువ తిరిగింది కదా’ అనేది ఇంకో బుట్టలో వేసే మాట. చాలా ఇంజన్లకి బెల్టు గడువు కిలోమీటర్లలోనూ ఏళ్లలోనూ, ఏది ముందైతే అది. రబ్బరు కదా, నిలబెట్టిన బండిలోనూ పాతబడుతుంది. మీ బండి గడువెంతో మాన్యువల్లో చూడండి. టెస్ట్ డ్రైవ్‌లో తెలుస్తుందనీ అనుకోకండి. కొన్ని ఇంజన్లలో బెల్టు బదులు చైన్ ఉంటుంది, అదైతే సాగినప్పుడు గలగలమని చప్పుడైనా చేస్తుంది. బెల్టు తెగే ముందు రోజు కూడా బండి చక్కగానే నడవొచ్చు.

అన్ని కార్లకీ ఈ భయం లేదు. మారుతి స్విఫ్ట్, డిజైర్లలో వచ్చిన 1.3 డీజిల్ చైన్ ఇంజన్. పాత శాంట్రో, మారుతి 800, ఇండికా డీజిల్ లాంటివి బెల్టువి. ఒకే మోడల్లో ఒక ఇంజన్‌కి బెల్టు, ఇంకోదానికి చైన్ కూడా ఉంటాయి కాబట్టి మోడల్ పేరు కాదు, ఇంజన్ చెప్పి సర్వీస్ సెంటర్లో అడగండి.

యార్డతను ఇప్పుడు ‘మేం టైమింగ్ బెల్టని ఎక్కడా రాసివ్వలేదు కదా సార్’ అంటున్నాడు. నిజమే, బిల్లులో ఆ మాట లేదు. కానీ నేను అడిగింది టైమింగ్ బెల్టు గురించే, ఆ మాట వాట్సాప్‌లో కూడా అడిగాను, ఆ చాటింగ్ అలాగే ఉంది. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోలుకి అక్కడ ఫీజు లేదు, మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, గడువు రెండేళ్లు.

హెడ్ విప్పే ముందు ఫోటోలు తీయించాను. తెగిన బెల్టునీ వంగిన ఆరు వాల్వుల్నీ షెడ్డులో వదిలేయకుండా అడిగి తెచ్చుకున్నాను. బిస్కెట్ల డబ్బాలో పెట్టి, ఆ 850 రూపాయల బిల్లుతో సహా బీరువాలో దాచాను.