క్షమించి చెడిన సీజర్: ‘రోమ్’ ధారావాహికపై సమీక్ష

జూలియస్ సీజర్ కథను తెరకెక్కించేవారికి ఒక చిక్కు ఉంది. చివరికి ఏమవుతుందో చూసేవారందరికీ ముందే తెలుసు. రోము చరిత్ర ఒక్క పేజీ కూడా చదవనివారు సైతం నమ్మకద్రోహం ప్రస్తావన వస్తే బ్రూటస్ పేరు ఎత్తుతారు. కాబట్టి కత్తిపోట్ల దృశ్యాన్ని ఎంత భీకరంగా తీశారన్నది పెద్ద విషయం కాదు. ఆ కత్తులు ఆ చేతుల్లోకి ఎలా వచ్చాయో నమ్మేలా చెప్పగలిగారా అన్నదే అసలు పరీక్ష. అమెరికాకు చెందిన హెచ్‌బీఓ, బ్రిటన్‌కు చెందిన బీబీసీ కలిసి నిర్మించగా 2005 ఆగస్టులో ప్రసారం మొదలైన ‘రోమ్’ ధారావాహిక మొదటి భాగం ఆ పరీక్షలో నెగ్గిందని నా అభిప్రాయం. 12 ఎపిసోడ్ల ఈ భాగం క్రీ.పూ. 52లో గాల్ దేశం (నేటి ఫ్రాన్స్)లోని అలేసియా లొంగుబాటుతో మొదలై, క్రీ.పూ. 44 మార్చి 15న జరిగిన సీజర్ హత్యతో ముగుస్తుంది. ఈ ఎనిమిదేళ్ల కథలో సీజర్‌ను పైకి తెచ్చిన గుణాలు, కూలదోసిన గుణాలు వేర్వేరు కావన్న సంగతిని రచయితలు ఎక్కడా నోరు విప్పి చెప్పకుండానే మనచేత ఒప్పిస్తారు.

సీజర్ పాత్రధారి కీరాన్ హైండ్స్. ఆయన గొంతు పెంచడు, చేతులు విసరడు, ఉపన్యాసాలు దంచడు. ఎదుటివాడు మాట్లాడినంతసేపూ వింటాడు, ఒక్క క్షణం ఆగుతాడు, ఆ తరువాత నిర్ణయం చెబుతాడు. ఆ ఒక్క క్షణంలో ఆయన వేసుకున్న లెక్కలు ఆయన సేనాని ఆంటొనీకి గానీ, ఆంతరంగిక బానిస పోస్కాకు గానీ, మనకు గానీ అంతుపట్టవు. మొదటి ఎపిసోడ్‌లో సైన్యపు గద్ద చిహ్నం దొంగతనానికి గురవుతుంది. రోమన్ సైనికులకు అంతకు మించిన అవమానం లేదు. అందరూ తల్లడిల్లుతుంటే, తాను బలహీనపడ్డానని అల్లుడూ రాజకీయ ప్రత్యర్థీ అయిన పాంపే అనుకుంటే తొందరపడి తానే ముందుగా తెగతెంపులు చేసుకుంటాడు కదా అని సీజర్ ఆ నష్టంలోనూ లాభం చూసుకుంటాడు. మూర్ఛరోగాన్ని దాచుకోవడానికి ఆయన పడే అవస్థ తప్ప ఈ మనిషి అదుపు తప్పిన సందర్భాలు చాలా తక్కువ. కూతురు జూలియా చనిపోయిందన్న కబురు వచ్చినప్పుడు కూడా దుఃఖం వెంటే పాంపేతో బంధుత్వం తెగిపోయిందన్న స్పృహ ఆ ముఖంలో కదలాడుతుంది. జూలియా నిజానికి క్రీ.పూ. 54లోనే మరణించింది. కథ సౌలభ్యం కోసం రచయితలు ఆ మరణాన్ని రెండేళ్ల తరువాతికి జరిపారు. ఆ మార్పు వల్ల అల్లుడూ మామల తగువుకు తొలి ఎపిసోడ్‌లోనే గట్టి పునాది పడింది గనుక నాకు అభ్యంతరం లేదు.

ఇంత పెద్ద చరిత్రను సెనేటర్ల ముచ్చట్లతోనే నడిపి ఉంటే విసుగు పుట్టేది. అందుకు విరుగుడుగా రచయితలు ఇద్దరు మామూలు సైనికులను ఎంచుకున్నారు. లూషియస్ వొరీనస్, టైటస్ పుల్లో అన్న పేర్లు కల్పితం కావు. సీజర్ తన గాల్ యుద్ధాల చరిత్ర ఐదో భాగంలో, ఒకరితో ఒకరు పోటీపడి శత్రువుల మీదికి దూకి చివరకు ఒకరినొకరు కాపాడుకున్న ఇద్దరు సెంచూరియన్లుగా (దళ నాయకులుగా) వీరిని పేర్కొన్నాడు. అంతకు మించి చరిత్రకు వీరి గురించి తెలిసింది దాదాపు లేదు. ఆ ఖాళీని ధారావాహిక పూర్తిగా వాడుకుంది. వీరి పరిచయ దృశ్యం తీసిన తీరు చూడండి. వొరీనస్ ఈల ఊదుతాడు. ముందు వరుసలో అలసిన సైనికులు పక్కనుంచి వెనక్కి జారుకుంటారు, వెనకనున్నవాళ్లు డాళ్లు ఆనించి వాళ్ల స్థానంలో నిలబడతారు. ప్రతివాడి నడుము పట్టీని వెనకవాడు పట్టుకునే ఉంటాడు. కేకలు లేవు, వీరావేశం లేదు, ఒక కార్ఖానాలో పని సాగినట్టు యుద్ధం సాగుతుంది. అంతలో పుల్లో ఒక్కడు వరుస తప్పి గాల్ సైనికుల మధ్యకు ఉరుకుతాడు. లాక్కురావడానికి వెళ్లిన వొరీనస్‌నే గుద్దుతాడు. రోము ఎందుకు గెలిచిందో, రోములో మనుషులు ఎందుకు ఓడిపోతారో ఆ రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. నియమమే ప్రాణంగా బతికే వొరీనస్‌గా కెవిన్ మెక్‌కిడ్, తిండి, మందు, స్నేహం తప్ప మరేదీ పట్టని పుల్లోగా 2023లో కన్నుమూసిన రే స్టీవెన్సన్ ఈ ధారావాహికకు రెండు కాళ్లు.

పెద్దల చరిత్రలోకి ఈ ఇద్దరినీ ఇరికించడంలో రచయితలు ఒక్కోసారి శ్రుతి మించారు. సీజర్ పక్షాన వీటో ప్రయోగించడానికి ట్రిబ్యూన్ (సామాన్యుల ప్రతినిధి) ఆంటొనీ సెనేట్‌కు బయలుదేరితే, అంతకుముందు జూదంలో పుల్లో పెట్టుకున్న గొడవ తాలూకు మనుషులు నగర కూడలి ఫోరమ్‌లో పుల్లో మీద పడతారు. అది కాస్తా ఆంటొనీ మీద దాడిగా మారి సీజర్, పాంపేల అంతర్యుద్ధానికి దారితీస్తుంది. ప్రాచీన గ్రీకు జీవితచరిత్రకారుడు ప్లూటార్క్ చెప్పిన ప్రకారం ఆంటొనీ బానిస వేషం వేసుకుని, బాడుగ బండిలో సీజర్ దగ్గరికి పారిపోయాడు. ఆ అవతారంలోనే సీజర్ అతణ్ని తన సైనికులకు చూపించి వారిని రెచ్చగొట్టాడు. తెరమీద బానిస వేషం పోయి నెత్తుటి మరకలు వచ్చాయి. పాచికల తగాదా వల్ల గణతంత్రం కూలిందన్నది నవ్వు తెప్పించే ఊహే అయినా, దొరికిన అవకాశాన్ని సీజర్ వాడుకున్న తీరు మాత్రం మూలానికి దగ్గరగానే ఉంది.

ధారావాహికకు ప్రాణం సీజర్ క్షమ. క్రీ.పూ. 82లో రోమును గెలుచుకున్న సేనాని సుల్లా తన శత్రువుల పేర్లను జాబితాలుగా రాయించి బహిరంగంగా తగిలించి చంపించాడు. ఆ నెత్తురు గుర్తున్న తరానికి తాను మరో సుల్లాను కానని చూపించడం సీజర్‌కు రాజకీయ అవసరం. ఓడినవారిని చంపకుండా, ఆస్తులు లాక్కోకుండా, పదవులిచ్చి పక్కన కూర్చోబెట్టుకోవడం ఆయన విధానమైంది. ఈ విధానం అసలు స్వరూపం పాంపే ఓడిపోయిన ఫార్సాలస్ యుద్ధం తరువాత ఆయన పక్షాన ఉన్న బ్రూటస్, సెనేటర్ సిసిరో సీజర్ శిబిరానికి వచ్చి లొంగిపోయే దృశ్యంలో బయటపడుతుంది. దుమ్ము కొట్టుకుపోయి, అవమానంతో తల ఎత్తలేని స్థితిలో వచ్చిన ఇద్దరినీ సీజర్ కౌగిలించుకుంటాడు, కుశలమడుగుతాడు, అసలేమీ జరగనట్టే మాట్లాడతాడు. బ్రూటస్‌గా నటించిన టోబియస్ మెన్జీస్ ముఖం అప్పుడు చూడాలి. ప్రాణం దక్కినందుకు ఊరట, ఆ ప్రాణం ఇకమీదట ఇంకొకరి దయ అన్న సిగ్గు, రెండూ ఒకేసారి కనిపిస్తాయి. సమానుడైన మనిషి పెట్టిన క్షమాభిక్షను పుచ్చుకుంటే అతణ్ని ప్రభువుగా ఒప్పుకున్నట్టే. సీజర్ బద్ధ విరోధి కేటో అందుకు ఇష్టపడక ఉత్తర ఆఫ్రికాలోని యూటికాలో ఆత్మహత్య చేసుకున్నాడు. బ్రూటస్ పుచ్చుకున్నాడు, పుచ్చుకున్నందుకే లోలోపల కుళ్లిపోయాడు. చరిత్ర ప్రకారం సిసిరో ఫార్సాలస్‌కు వెళ్లనేలేదు. సీజర్ అతణ్ని మరుసటి ఏడాది ఇటలీ రేవు బ్రండిసియం దగ్గర కలుసుకుని మన్నించాడు. రెండు సంఘటనలను ఒక్క గుడారంలోకి తెచ్చి కలిపిన ఈ స్వేచ్ఛ నాకు సమంజసంగానే తోచింది.

ఈ క్షమ పెద్దలకే పరిమితం కాదు. చేతికి చిక్కిన పాంపేను జాలిపడి వదిలేసిన వొరీనస్, పుల్లోలను కూడా సీజర్ శిక్షించడు. అంత అదృష్టవంతుల వెనుక ఏ దేవుళ్లున్నారో గనుక వారి జోలికి పోవడం మంచిది కాదని ఆంటొనీతో అంటాడు. అక్కడ నవ్వొస్తుంది. కొన్ని ఎపిసోడ్ల తరువాత, గోడల మీద తన పేరుతో వెలసిన రాతల వల్ల ఇరకాటంలో పడ్డ బ్రూటస్‌ను గవర్నర్ పదవి మిషతో మాసిడోనియా పంపించాలని సీజర్ చూసినప్పుడు మాత్రం నవ్వు రాదు. క్షమించినవాణ్ని నమ్మలేకపోవడం సీజర్‌ను పీడిస్తే, నమ్మడం లేదన్న సంగతి బ్రూటస్‌ను గాయపరుస్తుంది. హత్యకు బీజం సిద్ధాంతంలో పడిందా, ఆ గాయంలో పడిందా అన్నదాన్ని రచయితలు తేల్చకుండా వదిలేయడం మంచి పని. ఆ గాయాన్ని రోజూ కెలికేది తల్లి సర్వీలియా. సీజర్ తనను ప్రేమించి వదిలేసిన అవమానాన్ని కొడుకు ఆదర్శంగా మార్చిన ఆ తల్లి పాత్రలో లిండ్సే డంకన్ ఒక్క కేక వేయకుండా భయపెడుతుంది.

నగరం గురించి కూడా చెప్పాలి. రోములోని చినెచిట్టా స్టూడియోలో సుమారు ఐదెకరాల్లో వేసిన సెట్లలో తెల్ల పాలరాతి రోము ఎక్కడా కనబడదు. గోడలకు ఎర్రరంగు, ఆ రంగు మీద బూతు బొమ్మలు, ఇరుకు సందుల్లో బురద, ప్రతి గడపలో ఏదో ఒక దేవుడికి పెట్టిన నైవేద్యం కనిపిస్తాయి. ఫోరమ్‌లో నిలబడి వార్తలు చదివే చాటింపుదారుగా ఇయన్ మెక్‌నీస్ నా మట్టుకు అందరికంటే ఇష్టుడు. అభినయపు ముద్రల్లాంటి చేతి కదలికలతో యుద్ధవార్త చెబుతూ చెబుతూ, మధ్యలో పిండిమరల సంఘంవారి రొట్టె గురించి వాణిజ్య ప్రకటన కూడా అదే గంభీర స్వరంతో చదివేస్తాడు. సీజర్ దేశద్రోహి అని నిన్న ప్రకటించిన నోటితోనే ఈ రోజు అతణ్ని కీర్తిస్తాడు. ఆ కాలపు ప్రజాభిప్రాయం గురించి ఇంతకంటే పొదుపైన వ్యాఖ్య మరొకటి దొరకదు. కళా దర్శకత్వానికి, దుస్తులకు 2006లో ఎమ్మీ పురస్కారాలు దక్కడంలో ఆశ్చర్యం లేదు.

లోపాలు లేవని కాదు. మొదటి భాగానికే దాదాపు 10 కోట్ల డాలర్లు ఖర్చయిందని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ డబ్బు వీధులకు సరిపోయింది గానీ యుద్ధాలకు మిగలలేదు. సీజర్ తానే ఇచ్చిన లెక్క ప్రకారం ఫార్సాలస్‌లో ఆయన సైన్యం 22,000, పాంపే సైన్యం 45,000. ఆరు పటాలాలను విడిగా దాచి ఉంచి పాంపే ఆశ్వికదళాన్ని చెదరగొట్టిన ఆ ఎత్తుగడ సీజర్ జీవితంలోని గొప్ప నిర్ణయాల్లో ఒకటి. తెరమీద దానికి దక్కింది మసకబారిన కొద్ది క్షణాల చిత్రాలు మాత్రమే. సీజర్ బుద్ధిబలం గురించి ఇన్ని గంటలు మాట్లాడి, ఆ బుద్ధి కళ్లకు కట్టే చోట దృశ్యాన్ని మింగేయడం అన్యాయం. సీజర్ మేనకోడలు, తరువాత తొలి చక్రవర్తి అయిన ఆక్టేవియన్‌కు తల్లి అటియాను కుట్రలు, కామం తప్ప వేరే ధ్యాసలేని మనిషిగా మలచడం మరీ విడ్డూరం. కొడుకును క్రమశిక్షణతో పెంచిన ఆదర్శ మాతల్లో ఒకరిగా రోమన్ చరిత్రకారుడు టాసిటస్ కొనియాడిన స్త్రీ ఆమె. పోలీ వాకర్ నటన ఎంత ఉల్లాసంగా ఉన్నా ఈ అటియా ఆ అటియా కాదు. మొదటి ఎపిసోడ్‌లో ఆమె చేయించుకునే ఎద్దు నెత్తుటి అభిషేకానికి కూడా ఆ కాలంలో ఆధారం లేదు. ఆ క్రతువు ప్రస్తావనలు క్రీస్తు శకం రెండో శతాబ్దం నుంచి గానీ కనిపించవు.

వీటన్నిటికంటే నాకు కష్టం కలిగించింది హత్యాస్థలం మార్పు. ధారావాహికలో సీజర్ ఫోరమ్‌లోని సెనేట్ భవనంలో చనిపోతాడు. వాస్తవంలో ఆ రోజు సెనేట్ సమావేశమైంది పాంపే కట్టించిన నాటకశాలకు అనుబంధంగా ఉన్న మందిరంలో. అక్కడ పాంపే విగ్రహం ఉంది. 23 పోట్లు తిన్న సీజర్ ఆ విగ్రహం పాదపీఠం దగ్గరే కూలాడని ప్లూటార్క్ రాశాడు. తాను ఓడించిన అల్లుడి బొమ్మ కాళ్ల దగ్గర, తాను క్షమించిన మనుషుల చేతుల్లో సీజర్ చావడమన్నది ఏ రచయితా కల్పించలేనంత పొందికైన ముగింపు. అది చేతిలో ఉండగా వదులుకున్నారు. హత్యను తీసిన పద్ధతిని మాత్రం మెచ్చుకోవాలి. హంతకుల్లో వీరులెవరూ లేరు. తడబడతారు, ఒకరి మీద ఒకరు పడతారు. అందరూ పొడిచాక చివరి పోటు కోసం కుట్రదారు కాసియస్ బ్రూటస్‌ను ముందుకు తోస్తాడు. సీజర్ ఒక్క మాట కూడా అనడు. ‘నువ్వు కూడానా, బ్రూటస్!’ అని లోకమంతటికీ తెలిసిన ఆ ఒక్క వాక్యాన్ని పలికించకపోవడానికి ధైర్యం కావాలి.

2007లో వచ్చిన రెండో భాగం 10 ఎపిసోడ్లతో ముగిసింది. ఆంటొనీ, క్లియోపాత్రాల పతనం దాకా సాగే కథను అంత తక్కువ చోటులో కుదించడంతో పరుగు ఎక్కువై, ఆక్టేవియన్ పాత్రధారి మారిపోయి, మొదటి భాగపు నిదానం లోపించింది. అయినా చూడవలసిందే, ఎందుకంటే సీజర్ క్షమకు జవాబు అందులో ఉంది. క్రీ.పూ. 43లో ఆక్టేవియన్, ఆంటొనీ మళ్లీ సుల్లా జాబితాలను బయటికి తీస్తారు. సీజర్ కౌగిలించుకున్న సిసిరోను చంపడానికి పుల్లో వెళ్తాడు, అదీ ఇంటిల్లిపాదితో కలిసి వనభోజనానికి బయలుదేరినట్టుగా. నగ్నత్వం, హింస, బూతు విస్తారంగా ఉన్నాయి కాబట్టి ఇది పిల్లలున్న ఇంట్లో హాల్లో కూర్చుని చూసే కార్యక్రమం కాదు. బ్రిటిష్ యాసకు అలవాటు పడనివారు ఉపశీర్షికలు పెట్టుకోవడం మేలు. రోము చరిత్ర బొత్తిగా తెలియనివారు మొదటి రెండు ఎపిసోడ్లలో పేర్ల గజిబిజికి బెదరకుండా ఓపిక పడితే, మూడో ఎపిసోడ్ నుంచి ఎవరు ఎవరికి ఏమి బాకీ ఉన్నారో దానంతట అదే తెలిసివస్తుంది.