కలంకారీ ప్యాచ్‌కి ఒకటి, బొంతకి ఒకటి: బట్ట కోసే మెషిన్లలో ఏది కొనాలి?

బట్ట కోసే ఎలక్ట్రానిక్ మెషిన్ కొనబోయేవాళ్లు ముందు చూసేది ఫోర్స్ అంకె, అంటే బ్లేడు ఎంత బలంగా నొక్కుతుందన్నది. క్రికట్ మేకర్‌కి 4 కిలోలు, సిల్హౌట్ క్యామియో 4కి 5 కిలోలు అని కంపెనీలు చెబుతాయి. తోలు, దళసరి అట్ట కోసేవాళ్లకి ఆ అంకె ముఖ్యం. కాటన్‌కి అంత బలం అక్కర్లేదు. బట్ట సరిగ్గా తెగలేదంటే చాలావరకు అది బ్లేడు కింద కదిలిందనే అర్థం. అందుకని కొనేముందు తేల్చుకోవాల్సినవి వేరే రెండున్నాయి. వెనక ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అంటుకునే జిగురు పొర) వేసి కోస్తారా, ఉత్త బట్టే కోస్తారా? ఆకారం కంప్యూటర్లో గీసిందా, బట్ట మీద ముందే అచ్చయి ఉన్నదా?

ఆ రెండోది బ్లౌజు పని చేసేవాళ్లకి మరీ ముఖ్యం. పెడన కలంకారీలోంచి నెమలినో, బుద్ధుడి ముఖాన్నో కోసి రాసిల్క్ బ్లౌజు వీపున ప్యాచ్ వేసే పనికి, ఈ మెషిన్లలో తగినది బ్రదర్ స్కాన్ ఎన్ కట్ ఎస్‌డిఎక్స్. దాంట్లో స్కానర్ లోపలే ఉంటుంది, కంప్యూటర్ అక్కర్లేదు. బట్టని మ్యాట్ (కోసేటప్పుడు బట్టని పట్టి ఉంచే జిగురు పలక) మీద అంటించాకే స్కాన్ చేస్తుంది కాబట్టి అద్దకంలో బొమ్మ కాస్త వంకరపోయినా, అంటించేటప్పుడు బట్ట కొంచెం సాగినా నష్టం లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టే చూసి చుట్టూ కోస్తుంది. గీతకి ఎంత దూరంలో కోయాలో కూడా చెప్పొచ్చు. జిగ్‌జాగ్ కుట్టుతో అంచు కప్పేటట్టయితే 2 మిల్లీమీటర్లు వదిలితే బొమ్మ గీత కుట్టు కింద మునిగిపోదు. క్రికట్‌లోనూ ‘ప్రింట్ దెన్ కట్’ ఉంది కదా అనుకోవద్దు. అది మన ప్రింటర్లో తీసిన షీటు మీది గుర్తుల్ని బట్టి కోసేది. కొట్లో కొన్న అచ్చు బట్ట మీద ఆ గుర్తులు ఉండవు, కాబట్టి అది పనిచేయదు.

స్కానర్‌కీ హద్దులున్నాయి. లేత నేల మీద ముదురు గీత ఉన్న బొమ్మని ఇట్టే పట్టుకుంటుంది. నేల, బొమ్మ రెండూ మెరూన్, నలుపుల్లో ఉంటేనో, తీగలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయిన జాల్ డిజైన్ అయితేనో అంచు ముక్కలుముక్కలుగా చూపిస్తుంది. అలాంటి బొమ్మ ఒక్కటే కావాలంటే కత్తెరే నయం.

ఉత్త బట్ట కోయడంలో క్రికట్ మేకర్ (2017), మేకర్ 3 (2021) ముందుంటాయి. వీటి రోటరీ బ్లేడు చిన్న చక్రంలా దొర్లుతూ కోస్తుంది, పోగుల్ని ఈడ్వదు. కానీ చక్రం కనుక మూల దగ్గర తిరగడానికి చోటు కావాలి. 3/4 అంగుళం, అంటే 19 మిల్లీమీటర్ల కంటే చిన్న ఆకారాలకి అది పనికిరాదు. అంతకంటే చిన్న పువ్వు రేకులు కావాలంటే ఫ్యూజింగ్ వేసి మామూలు మొన బ్లేడు వాడాల్సిందే. క్రికట్ వాళ్లవే అయిన ఎక్స్‌ప్లోర్ ఎయిర్ 2, ఎక్స్‌ప్లోర్ 3లకి ఈ రోటరీ బ్లేడు ఎక్కదు. వాటికి గులాబీ రంగు బాండెడ్ ఫాబ్రిక్ బ్లేడు ఉంది, ఫ్యూజింగ్ వేసిన బట్టకి అది చాలు. మీరు చేసేది ఫ్యూజింగ్ అప్లిక్ (కోసిన బొమ్మని మరో బట్ట మీద అతికించి కుట్టే పని) ఒక్కటే అయితే మేకర్‌కి అదనంగా డబ్బు పెట్టడం దండగ. క్రికట్ జాయ్ జోలికి మాత్రం పోవద్దు, దాని వెడల్పు నాలుగున్నర అంగుళాలే.

మెషిన్ ఏదైనా తయారీ దగ్గరే పని సగం గెలుస్తుంది. కాటన్‌ని ముందే ఉతికి, ముడుచుకునేదంతా ముడుచుకోనివ్వాలి. ఉత్త బట్ట కోసేటట్టయితే గంజి పెట్టి, పడుగు పేక నిటారుగా ఉండేలా ఇస్త్రీ చేయాలి. బట్ట కాగితంలా నిలవాలి. అప్లిక్‌కైతే హీట్ ఎన్ బాండ్ లైట్ లాంటి ఫ్యూజింగ్ వెబ్‌ని బొమ్మ కిందే కాకుండా ముక్క మొత్తానికీ, ఆవిరి లేకుండా అంటించాలి. అల్ట్రా రకం తీసుకోవద్దు, అది కుట్టు అవసరం లేని పనులకి. కుడితే సూది జిగటెక్కుతుంది. చల్లారాక కాగితం ఒలిచి, జిగురు వైపు కిందకీ అచ్చు వైపు పైకీ పెట్టి మ్యాట్ మీద రోలర్‌తో ఒత్తాలి. చపాతీ కర్రయినా సరే. ఇలా పెడితే డిజైన్ని తిరగేయాల్సిన పని లేదు. బట్టని బోర్లా పెట్టి కోసేటట్టయితే మిర్రర్ నొక్కాలి. ముఖ్యంగా అక్షరాలున్నప్పుడు ఇది మరిచిపోతే బట్ట పోయినట్టే.

పెద్ద ముక్క కోసేముందు మూలన అంగుళం త్రికోణం ఒకటి కోసి చూడండి. ఒకే మూలలో పోగులు మిగిలితే బ్లేడు మొన దగ్గర నూగు చిక్కుకుందేమో చూడండి. అన్ని చోట్లా మిగిలితే ప్రెషర్ పెంచకుండా ముందు రెండోసారి అదే దారిలో కోయించండి. ప్రెషర్ పెంచితే తెగేది మ్యాట్. అంచు ముడతపడితే మ్యాట్ జిగురు అయిపోయింది. కాగితానికి వాడిన బ్లేడుని బట్టకి వాడకూడదు, కాగితం కోస్తే మొన త్వరగా మొద్దుబారుతుంది. గులాబీ ఫాబ్రిక్ మ్యాట్ మీది పోగుల్ని ట్వీజర్‌తో ఏరాలి. స్క్రేపర్‌తో గీకితే జిగురు లేచిపోతుంది, వేళ్లు తగిలితే చేతి జిడ్డు అంటుతుంది.

అతుకుల బొంతకి చదరపు ముక్కలే కావాలంటే ఏ మెషినూ వద్దు. 12 అంగుళాల మ్యాట్ మీద రెండున్నర అంగుళాల ముక్కలు 16 వస్తాయి. 200 ముక్కలకి 13 సార్లు అంటించి, ఒలిచి, ఏరాలి. 45 మిల్లీమీటర్ల చేతి రోటరీ కట్టర్, స్కేలు ఉంటే నాలుగు పొరలు ఒకేసారి తెగుతాయి. షడ్భుజాలు, వంపు ముక్కలు, అచ్చంగా ఒకేలా ఉండాల్సిన ఆకుల దగ్గర మాత్రం మెషిన్ ఖరీదు వసూలవుతుంది. కుట్టు వదులు పావు అంగుళాన్ని ఆకారం చుట్టూ తనే వేసే ఏర్పాటు బ్రదర్‌లో ఉంది; క్రికట్‌లో ఆఫ్‌సెట్‌తో (ఆకారం చుట్టూ కొంత దూరంలో మరో గీత వేసే సదుపాయం) మనమే వేసుకోవాలి.

సాఫ్ట్‌వేర్ సంగతికొస్తే, క్రికట్ డిజైన్ స్పేస్ చాలావరకు ఇంటర్నెట్ మీద ఆధారపడుతుంది. 2021 మార్చిలో చందా కట్టనివాళ్లు నెలకి 20 డిజైన్లే ఎక్కించుకోవాలని కంపెనీ ప్రకటించింది, గొడవ కావడంతో వెనక్కి తగ్గింది. అంటే మెషిన్ మనదే అయినా తాళం వాళ్ల దగ్గరుంది. నెట్ సరిగ్గా లేనిచోట క్యామియో మేలు, దాని సాఫ్ట్‌వేర్ సిల్హౌట్ స్టూడియో నెట్ లేకుండానే నడుస్తుంది. అయితే దాని ఉచిత ఎడిషన్ ఎస్‌విజి అనే రకం డిజైన్ ఫైళ్లని తెరవదు. వాటిని డిఎక్స్‌ఎఫ్ అనే మరో రకంలోకి మార్చుకోవాలి, లేదా డిజైనర్ ఎడిషన్ కొనాలి.

అమెరికా నుంచి ఎవరైనా తెస్తామంటే ముందు మెషిన్ లేబుల్నో, అడాప్టర్నో ఫోటో తీసి పంపమనండి. 100–240 వోల్టులు అని ఉంటే ప్లగ్ పిన్ మారిస్తే చాలు. 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకి నేరుగా పెట్టకూడదు, స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. తెచ్చేవాళ్ల సూట్‌కేసులో చోటుంటే మరో రెండు మ్యాట్‌లు, రెండు బ్లేడులు కూడా పెట్టించుకోండి. ముందు అరిగేవి అవే.