తెర చూసి తీసుకున్న యోగా 9ఐ

ప్రూఫులు దిద్దడం నా పని. అందుకే 2022 మోడల్ లెనోవో యోగా 9ఐ ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ముందు చూసింది తెరే. 14 అంగుళాల ఓలెడ్ (ప్రతి పిక్సెలూ, అంటే ప్రతి చుక్కా, తనంతట తానే వెలిగే తెర), 2880×1800 పిక్సెళ్లు. ‘రాష్ట్రం’లో ష కింద టవత్తు, పక్కన రవత్తు చిన్న సైజులోనూ విడివిడిగా కనిపిస్తాయి. కంటికి ఎంత హాయో! నల్లటి చోట ఓలెడ్ పిక్సెల్ అసలు వెలగదు కాబట్టి నలుపు నిజంగా నలుపే. కాకపోతే అద్దం లాంటి టచ్ తెర కదా, వెనక కిటికీ ఉంటే అదీ కనిపిస్తుంది; కుర్చీ కాస్త పక్కకి జరుపుకోవాలి.

తెరని పూర్తిగా వెనక్కి మడిచి పెన్నుతో దిద్దుతుంటే మళ్లీ కీబోర్డు ముట్టుకోబుద్ధి కాదు. మడతబందులోనే స్పీకర్లు ఉన్నాయి, ఎలా తిప్పినా మాట స్పష్టం. బరువు 1.4 కిలోలు, చేత్తో పట్టుకోవడం కంటే ఒళ్లో పెట్టుకుని చదవడమే సుఖం. ర్యామ్ (పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ) మదర్‌బోర్డుకే అతికి వస్తుంది, తర్వాత పెంచలేం. కొనేవాళ్లు 16 జీబీకి తగ్గకండి.