ప్యాకెట్ ట్రేసర్: నెట్‌వర్క్ లోపాలు వెతకడం నేర్పే సాధనం

రౌటర్లు, స్విచ్‌లు కాన్ఫిగర్ చేయడం నేర్పే వీడియోలకు కొదవ లేదు గానీ, పనిచేయని నెట్‌వర్క్‌లో లోపం ఎక్కడుందో పట్టుకోవడం అలవడాలంటే నిర్భయంగా చెడగొట్టి బాగుచేసుకునే నెట్‌వర్క్ ఒకటి చేతిలో ఉండాలి. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో ఖాతా తెరిచినవారికి ఉచితంగా లభించే ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేర్, కంప్యూటర్ తెర మీదే నెట్‌వర్క్‌ను అనుకరించి, ఆ అవసరాన్ని చాలావరకు తీరుస్తుంది. సీసీఎన్ఏ (సిస్కో వారి నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్) మొదలుపెట్టేవారికి నేను ముందుగా సూచించేది దీన్నే.

ఇందులో అన్నింటికన్నా విలువైనది సిమ్యులేషన్ మోడ్. రెండు రౌటర్ల అవతల ఉన్న సర్వర్ నుంచి పింగ్‌కు (అవతలి పరికరం అందుబాటులో ఉందో లేదో తెలుసుకోవడానికి పంపే చిన్న సందేశానికి) జవాబు రావడం లేదనుకుందాం. మామూలుగా అయితే తెర మీద "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అన్న ముక్క తప్ప మరేమీ కనిపించదు. ఇక్కడ మాత్రం పింగ్ చిన్న కవరు రూపంలో ఒక్కో పరికరమూ దాటి సర్వర్‌ను చేరడం, జవాబుగా బయలుదేరిన కవరు మీద తిరుగు దారిలోని రౌటర్ దగ్గర ఎర్రటి ఇంటూ గుర్తు పడడం కళ్లారా చూస్తాం. ఆ కవరును నొక్కితే ఓఎస్ఐ (నెట్‌వర్క్ పనిని పొరలుగా విడదీసి చూపే నమూనా) పొరలవారీగా వివరాలు తెరుచుకుని, గమ్యానికి రౌటింగ్ టేబుల్‌లో (ఏ గమ్యానికి ఎటు పంపాలో రౌటర్ చూసుకునే పట్టికలో) దారి లేదని తెలుస్తుంది. వెళ్లే దారినే పదేపదే పరీక్షించే విద్యార్థికి తిరుగు దారి సంగతి ఇంతకన్నా స్పష్టంగా బోధపడే మార్గం నాకు కనిపించలేదు.

స్విచ్‌ల విషయంలోనూ ఇది బాగా ఉపకరిస్తుంది. ట్రంక్ పోర్టులో (పలు వీలాన్‌ల ట్రాఫిక్‌ను ఒకే కేబుల్ మీద మోసే పోర్టులో) కొత్త వీలాన్‌ను (ఒకే స్విచ్ మీద విడిగా ఏర్పరచుకునే నెట్‌వర్క్ విభాగాన్ని) అనుమతించేటప్పుడు కమాండ్‌లో "యాడ్" వదిలేస్తే పాత జాబితా మొత్తం పోయి కొత్తది ఒక్కటే మిగులుతుంది. ఆఫీసులో పలు విభాగాలను ఒక్కసారిగా నిలిపివేయగల ఈ ప్రమాదాన్ని ఇక్కడే కావాలని సృష్టించి, "షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్"లో వచ్చే తేడాను గమనించడం మేలు. అలాగే, కొత్తగా కలిపిన పోర్టు లైటు సుమారు 30 సెకన్లు నారింజ రంగులో ఉండడం స్పానింగ్ ట్రీ (స్విచ్‌ల మధ్య ట్రాఫిక్ గుండ్రంగా తిరగకుండా ఆపే ఏర్పాటు) దశల వల్లనే తప్ప లోపం వల్ల కాదని కూడా అర్థమవుతుంది.

అయితే ఇది అనుకరణే. అసలు ఐఓఎస్‌లోని (సిస్కో పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్‌లోని) కమాండ్లు చాలా ఇందులో ఉండవు. అసలు ఐఓఎస్‌నే నడిపే జీఎన్ఎస్3 అనే మరో సాఫ్ట్‌వేర్‌లో ఆ కొరత తక్కువే గానీ, దానికి ఐఓఎస్ ఇమేజ్ ఫైళ్లు విడిగా సంపాదించుకోవాలి, కంప్యూటర్‌లో ర్యామ్ కూడా ఎక్కువ ఉండాలి. సరిగా క్రింప్ చేయని (కేబుల్ కొసకు సరిగా బిగించని) ఆర్‌జే45 కనెక్టర్ వల్ల సీఆర్సీ ఎర్రర్లు (దారిలో డేటా చెడిందని తెలిపే లెక్క) పెరుగుతూ పోవడం వంటివి చూడాలంటే మాత్రం, వాడేసిన సిస్కో 2960 స్విచ్ ఒకటి, నాలుగు కేబుళ్లు కొని తెచ్చుకోవలసిందే.