బొరొదినోకి కారు మాత్రం మాట్లాడుకోకండి

మాస్కో నుంచి, 1812లో నెపోలియన్ సైన్యంతో రష్యన్లు పోరాడిన బొరొదినో యుద్ధభూమికి కారుకి 14,000 రూబుళ్లు ఇచ్చాం. అక్కడికి వెళ్లాక వెయిటింగ్ అని డ్రైవరు ఇంకో 3,000 పిండాడు. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

మా అమ్మాయి రష్యాలోని త్వేర్‌లో మెడిసిన్ మూడో సంవత్సరం. కిందటేడు సెలవులకి వచ్చినప్పుడు రష్యన్ సంగీతకర్త చైకోవ్‌స్కీ '1812 ఒవర్చర్' అనే వాద్యబృంద సంగీతం వినిపించింది. నెపోలియన్‌ను రష్యా తరిమికొట్టిన దానికి గుర్తుగా 1880లో రాశాడట. ప్రార్థనా గీతంతో నెమ్మదిగా మొదలవుతుంది. మధ్యలో ఫ్రెంచివాళ్ల జాతీయగీతం మార్సెయేజ్ దూసుకొస్తుంది. చివర్లో ఫిరంగులు, చర్చి గంటలు. స్వరాల్లోనే 16 ఫిరంగి దెబ్బలు రాసి పెట్టాడు! ఆ నేల చూడాలని అప్పుడే అనుకున్నాను.

మాస్కోలో క్రైస్ట్ ది సేవియర్ కెథడ్రల్ తప్పకుండా చూడండి, టికెట్ అక్కర్లేదు. ఆ విజయానికి మొక్కు తీర్చుకుంటూ కట్టిన గుడి. 1882లో జరిగిన మాస్కో ఎగ్జిబిషన్ కోసం, దీని ప్రారంభోత్సవాన్ని కూడా దృష్టిలో పెట్టుకుని చైకోవ్‌స్కీ చేత ఆ సంగీతం రాయించారు. 1931లో కూల్చేశారు, ఆ చోట ఈతకొలను తవ్వారు, మళ్లీ కట్టారు. చనిపోయిన అధికారుల పేర్లు పాలరాతి పలకల మీద ఉన్నాయి. మా ఆవిడ తల మీద కొంగు కప్పుకుని చాలాసేపు నిలబడిపోయింది.

ఇక ఆ కారు. రోజంతా అని ఒప్పుకున్న మనిషి, దిగగానే "రెండు గంటలే" అన్నాడు. మ్యూజియానికే గంట పట్టింది. తర్వాత రష్యన్ ఫిరంగులు మోహరించిన రయెవ్‌స్కీ దిబ్బ ఎక్కి, ఫోన్‌లో ఒవర్చర్ పెట్టాం. చుట్టూ గడ్డి, గాలి. 1812 సెప్టెంబర్ 7న ఇక్కడ ఒక్క రోజులో వేలమంది పోయారు. రష్యన్లు వెనక్కి తగ్గారు, మాస్కో కూడా పోయింది, గెలుపు ఆ తర్వాతెప్పుడో వచ్చింది. అది తెలిసి వింటే ఆ గంటలు వేరేగా వినిపిస్తాయి. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. సరిగ్గా గంటల దగ్గరకి వచ్చేసరికి కింద నుంచి డ్రైవరు ఆపకుండా హారన్.

మా ఆవిడ అడిగింది ఒక్కటే. యుద్ధంలో పోయిన జనరల్ తుచ్కోవ్ శవం దొరక్క, ఆయన భార్య మార్గరీటా అదే చోట చర్చి కట్టించి, తర్వాత అక్కడే సన్యాసినిగా ఉండిపోయిందట. ఆ మఠం చూడాలంది. కారులో అయిదు నిమిషాలు. తీసుకెళ్లలేదు. దారంతా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు.

బెలోరుస్కీ స్టేషన్ నుంచి లోకల్ రైలు ఉంది, సుమారు రెండు గంటలు. రానూపోనూ మనిషికి వెయ్యి రూబుళ్ల దగ్గర అయ్యేది. దిగాక కొంత నడవాలి, సోమవారం మ్యూజియం సెలవు. మన బ్యాంకు వీసా, మాస్టర్ కార్డులు అక్కడ పనిచేయవు, డాలర్లు తీసుకెళ్లండి.

తిరిగి త్వేర్ వెళ్తూ క్లిన్‌లో చైకోవ్‌స్కీ ఇల్లు చూశాం, హాయిగా గడిచింది.

వచ్చే జూన్‌లో మళ్లీ వెళ్తున్నాం. ఈసారి పొద్దున్నే రైలెక్కి, ముందు ఆ మఠానికే.