ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్‌లో నా ఏడాది: దొరికిన పని, చాలని స్టైపెండ్

యువతకు పెద్ద కంపెనీల్లో పని అనుభవం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం, ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం కింద 2025 ఆరంభంలో చేరి, పన్నెండు నెలలూ పూర్తిచేసి బయటికి వచ్చాను. సబ్బులు, షాంపూలు, తలనూనెలు అమ్మే ఒక పెద్ద కంపెనీలో నాకు అవకాశం వచ్చింది. మొదటి మూడు నెలలు హైదరాబాద్ కార్యాలయంలోను, మిగతా తొమ్మిది నెలలు మేడ్చల్ వైపున్న వారి డిపోలోను గడిచాయి. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. దరఖాస్తు చేయాలా వద్దా అని నేను తర్జనభర్జన పడుతున్న రోజుల్లో లోపలి సంగతులు తెలుగులో చెప్పినవారు ఒక్కరూ దొరకలేదు. అందుకే నా తరువాత వచ్చేవారి కోసం వివరంగా రాస్తున్నాను.

2024 జులై బడ్జెట్‌లో ప్రకటించిన ఈ పథకానికి అదే ఏడాది అక్టోబరులో దరఖాస్తులు మొదలయ్యాయి. నేను చేరేనాటికి ఉన్న నిబంధనల ప్రకారం వయసు 21 నుంచి 24 ఏళ్ల మధ్య ఉండాలి, కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షల రూపాయలు దాటకూడదు, పూర్తికాలపు ఉద్యోగం గాని చదువు గాని ఉండకూడదు. దూరవిద్యలో చదివేవారికి మాత్రం అభ్యంతరం లేదు. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీకాం చదువుతున్నాను కాబట్టి ఆ వెసులుబాటు నాకు సరిగ్గా సరిపోయింది. ఇంటర్న్‌షిప్ కాలంలో కనీసం సగం తరగతి గదిలో కాకుండా నిజమైన పని చోట గడవాలన్నది ఈ పథకంలో ఉన్న మరో నియమం. ఆ ఒక్క వాక్యం ఎంత విలువైనదో నాకు నాలుగో నెలలో గాని అర్థం కాలేదు.

ముందుగా డబ్బు సంగతి, ఎందుకంటే ఇంట్లో అందరూ మొదట అడిగేది అదే. నేను ఉన్న ఏడాదంతా నెలకు 5,000 రూపాయలు ఇచ్చారు. అందులో 500 కంపెనీ ఇచ్చేది, 4,500 ప్రభుత్వం నేరుగా ఆధార్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతాలో వేసేది. చేరాక ఒకేసారి 6,000 రూపాయలు అదనంగా వచ్చాయి. జీవన్‌జ్యోతి, సురక్ష బీమాల ప్రీమియం ప్రభుత్వమే కట్టింది. ఇక ఖర్చు చూడండి. ముగ్గురం పంచుకున్న హాస్టల్ గదికి, భోజనంతో కలిపి, నేను నెలకు 5,500 కట్టాను. అంటే సబ్బు కొనకముందే 500 అప్పు. మా ఊరు కామారెడ్డి దగ్గర. మహాలక్ష్మి పథకం వల్ల ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి నేను పదిహేను రోజులకోసారి ఇంటికి వెళ్లి రాగలిగాను. నాతోపాటు చేరిన అబ్బాయికి ఆ సౌకర్యం కూడా లేదు. అతను ఐదో నెలలో మానేశాడు. పనిలో అతను నాకంటే చురుకైనవాడు కాబట్టి ఆ సంగతి ఇప్పటికీ బాధగానే ఉంది.

మొదటి మూడు నెలల గురించి చెప్పవలసింది తక్కువ. మమ్మల్ని ఎంపిక చేసిన హెచ్‌ఆర్ అధికారి రెండో వారంలోనే వేరే చోటికి బదిలీ అయ్యారు, ఆ స్థానంలోకి వచ్చినవారికి మేమెవరమో తెలియదు. కాగితం మీద నాకు మార్గదర్శిగా ఉన్న ఉద్యోగి మరో నగరంలో పనిచేసేవారు. రోజంతా మీటింగ్ గదిలో శిక్షణ వీడియోలు చూడటం, పాత ఫైళ్లు స్కాన్ చేయడం తప్ప పని లేదు. మా హాజరు వివరాలు కంపెనీ సమయానికి పంపకపోవడంతో ఒకసారి రెండు నెలల స్టైపెండ్ కలిపి వచ్చింది. ఆ రెండు నెలలూ నాన్న వడ్డీకి తెచ్చిన డబ్బుతో హాస్టల్ ఫీజు కట్టాను. పెద్ద కంపెనీకి ఒక ఇంటర్న్ హాజరు పట్టిక చిన్న విషయం కావచ్చు, మా ఇంట్లో మాత్రం అది చిన్న విషయం కాదు.

డిపోకు పంపమని నేనే రాతపూర్వకంగా అడిగాను. పంపారు. ఈ సమీక్షలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునే భాగం ఇక్కడినుంచే మొదలవుతుంది.

డిపో అంటే ఒక పెద్ద రేకుల షెడ్డు, లోపల కప్పు దాకా పేర్చిన అట్టపెట్టెలు, ఒక పక్కన గాజు తలుపుల చిన్న ఆఫీసు. ఉదయం ఎనిమిదిన్నరకే హమాలీలు లోడింగ్ మొదలుపెడతారు. ఏ బ్యాచ్ గడువు ముందు ముగుస్తుందో అది ముందు బయటికి వెళ్లాలి. అందువల్ల ఏ వరుస ముందు తీయాలో చూపే కాగితం వారి చేతికి మేము ఇవ్వాలి. ఇన్‌వాయిస్ తీయడం, సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ పోర్టల్‌లో తీసే పత్రం) తయారుచేయడం, లారీ బయలుదేరాక స్టాక్ టాలీ (లెక్కలోని సరుకు, షెడ్డులోని సరుకు సరిపోయాయా అని) చూడటం నా పనులు. వే బిల్లులో రెండు భాగాలుంటాయి. మొదటిది సరుకు వివరాలు, రెండోది బండి నంబరు. దాని గడువు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున లెక్క.

డిపోలో రెండో వారం ఆదిలాబాద్ వెళ్లవలసిన లారీకి వే బిల్లు తీసి, గర్వంగా మా డిస్పాచ్ సూపర్‌వైజర్ గారి చేతికి ఇచ్చాను. ఆయన కాగితం వైపు ఒక్క క్షణం చూసి, "బిడ్డా, ఒక్కసారి బండి ముందటికి పోయి నంబరు ప్లేటు చూసి రా" అన్నారు. వెళ్లి చూశాను. ప్లేటు మీద టీజీ అని ఉంది, నేను అలవాటుకొద్దీ టీఎస్ అని కొట్టాను. 2024 మార్చి నుంచి మన రాష్ట్రంలో కొత్త బండ్లకు టీజీ వస్తోందని తెలియక కాదు, చేతివేళ్లకు ఇంకా ఎక్కలేదు. పోర్టల్ కూడా అభ్యంతరం చెప్పలేదు. బండి నంబరులో ఒకటి రెండు అక్షరాల తప్పును చిన్న తప్పుగానే చూడాలని, కేంద్ర, రాష్ట్ర పన్నుల కింద చెరి 500 జరిమానాతో వదలాలని 2018లోనే సర్క్యులర్ వచ్చిందని ఆయనే చెప్పారు. ఆ వెంటనే, "జరిమానా వెయ్యి రూపాయలే కావచ్చు బిడ్డా, గని డ్రైవర్ రాత్రంత రోడ్డు మీదనే ఉంటడు" అన్నారు. రెండో భాగంలో నంబరు మార్చి కొత్త ప్రతి తీయడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రోజు నుంచి నేను బండి దగ్గరికి నడిచి వెళ్లి, ప్లేటు చూసి, ఆ తరువాతే నంబరు కొట్టేదాన్ని. ఏ శిక్షణ వీడియోలోనూ ఈ నడక లేదు.

వర్షాకాలంలో నన్ను క్లెయిముల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. గడువు తీరినవి, కారినవి, నలిగినవి డిస్ట్రిబ్యూటర్లు వెనక్కి పంపుతారు. మేము వాటిని లెక్కించి క్రెడిట్ నోట్ (ఆ విలువను వారి ఖాతాలో జమ చేసే పత్రం) ఇవ్వాలి. కారిన తలనూనె అట్టపెట్టె అడుగున పేరుకుని, సీసాల మీది బ్యాచ్ నంబరు సగం చెరిగిపోయి ఉండేది. సీసాను ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ వంచితే ఏదో ఒక కోణంలో అంకెలు మెరుస్తాయి. నంబరు చదవలేకపోతే క్లెయిము తిరస్కరించడమే కంపెనీ నియమం. ఒక్కో పెట్టె మీద పావుగంట కూర్చుంటే, ఊళ్లో అప్పు మీద సరుకు తెచ్చుకున్న వ్యాపారికి తన డబ్బు తనకు వస్తుంది. నాకు ఆ పని నచ్చింది. ఆదివారం స్టడీ సెంటర్ తరగతిలో అమ్మకాల వాపసు పుస్తకం పాఠం చెబుతున్నప్పుడు నా కళ్లకు ఆ నూనె మరకల పెట్టెలే కనిపించేవి. మూడు సెమిస్టర్లుగా బట్టీపట్టిన పద్దులు మొదటిసారి అర్థమై నిలిచాయి.

పథకం ఇచ్చిన అవకాశం నిజమైనదేనని నా అభిప్రాయం. కాని పల్లెటూరి నుంచి వచ్చేవారికి అది అందేలా లేదు. మొదటి విడతలో 82 వేలకు పైగా అవకాశాలు ఇస్తే 28 వేలకు పైగా మంది ఒప్పుకున్నారని, చివరికి చేరినవారు 8,700 చిల్లర మాత్రమేనని పార్లమెంటులో ప్రభుత్వమే చెప్పింది. దూరం, పన్నెండు నెలల వ్యవధి ఇందుకు కారణాలుగా వినిపించాయి. నా అనుభవంలో ఆ రెండూ విడివిడి కారణాలు కావు. దూరపు ఊళ్లో ఏడాదిపాటు గది అద్దె కట్టవలసి రావడమే అసలు కష్టం. ఇంటి నుంచి రోజూ వెళ్లి రాగలిగిన చోట అవకాశం వస్తే తప్పకుండా చేరండి. గది తీసుకోవలసి వస్తే, నెలకు కనీసం మూడు నాలుగు వేలు ఇంటి నుంచి తెచ్చుకోగలమా అని ముందే లెక్క వేసుకోండి. చేరిన మొదటి వారంలోనే మీ మార్గదర్శి ఎవరు, మీ హాజరు పంపేది ఎవరు అని అడిగి పేర్లు రాసుకోండి. నేను ఆ రెండు ప్రశ్నలు మూడు నెలలు ఆలస్యంగా అడిగాను.

ఏడాది పూర్తయ్యాక ఉద్యోగం ఇస్తామని కంపెనీ మొదటి నుంచీ చెప్పలేదు, ఇవ్వలేదు కూడా. సర్టిఫికెట్‌లో పేరు, విభాగం, తేదీలు తప్ప ఏమీ లేవు. అందుకని చివరి వారంలో డిపో మేనేజర్ గారిని నేను చేసిన పనులు రాసి ఇవ్వమని అడిగాను. ఆయన ఆ పని సూపర్‌వైజర్ గారికి అప్పగించారు. సూపర్‌వైజర్ గారు లంచ్ సమయంలో కూర్చుని ఇన్‌వాయిసింగ్, వే బిల్లులు, స్టాక్ టాలీ, క్లెయిములు అని నాలుగు వరుసలు రాశారు. మేనేజర్ గారు సంతకం పెట్టి ముద్ర వేశారు. నెల తిరగకముందే కామారెడ్డిలో ఒక డిస్ట్రిబ్యూటర్ ఆ కాగితం చదివి, సర్టిఫికెట్ అడగకుండానే, క్లెయిములు చూడగలవా అమ్మా అని అడిగారు.