వలస వచ్చినవారిపై జనాభిప్రాయం: కూలి పోటీయా, కట్టుబొట్టా, పంపకమా?

పాలమూరులో వలస అంటే ఒకప్పుడు పోవడమే. ముంబయిలోని కామాఠిపురకు ఆ పేరు నిజాం రాజ్యం నుంచి కూలికి వెళ్ళిన కామాఠీల వల్ల వచ్చింది; ఆ తరువాతి తరాలు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని ఆనకట్టల పనులకు, కాలువ పనులకు దేశమంతా తిరిగాయి. ఇప్పుడు అదే దక్షిణ తెలంగాణలో మిర్యాలగూడ బియ్యం మిల్లుల్లో బిహారీ హమాలీలు, ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాలు, నాట్ల కాలంలో ఎకరానికి ఇంతని గుత్త పట్టే ఉత్తరాది ముఠాలు కనిపిస్తున్నాయి. వీరు పరదేశీయులు కారు, ఈ దేశ పౌరులే. అయినప్పటికీ వారి రాకపై ఇక్కడ పుట్టే మాటలకూ, అభివృద్ధి చెందుతున్న దేశాల్లో సరిహద్దు దాటి వచ్చినవారిపై పుట్టే మాటలకూ పోలిక ఉంది. ఆ మాటలు ఎక్కడ నుంచి పుడతాయన్నదానికి మూడు వివరణలు ప్రధానంగా చెబుతుంటారు: పనికీ కూలికీ పోటీ రావడం, భాషా మతమూ ఆచారమూ వేరు కావడం, ఉన్న నీళ్ళు, బడి, దవాఖాన, సాయం ఎవరికెంత అందుతున్నాయన్న పంపకం. ఈ మూడింటిలో ఏది మేలైన వివరణ అన్నదే ఇక్కడి విచారణ.

కూలి పోటీ వాదానికి ఉన్న బలం తక్కువది కాదు. 1983 జనవరిలో నైజీరియా ప్రభుత్వం పత్రాలు లేని పొరుగు దేశీయులను వెళ్ళిపొమ్మని ఆజ్ఞాపించినప్పుడు దాదాపు 20 లక్షల మంది, వారిలో సగానికి పైగా ఘనా దేశస్థులు, గళ్ళ సంచుల్లో సామాన్లు సర్దుకొని దారి పట్టారు. చమురు ధర పెరుగుతున్న కాలంలో వారిని ఆదరించిన దేశమే ధర పడిపోగానే వారిని భారంగా చూసింది. నిజానికి ఘనా కూడా 1969లో నైజీరియన్లను ఇదే పద్ధతిలో పంపించి ఉంది. మన దగ్గర 2020 మే నెలలో దీనికి సరిగ్గా తిరగబడిన దృశ్యం కనిపించింది: లాక్‌డౌన్‌లో వలస కూలీలు సొంతూళ్ళకు తరలిపోతుండగా, యాసంగి వడ్ల కొనుగోళ్ళ వేళ మిల్లుల్లో బస్తాలు ఎత్తేవారు లేక, బిహార్‌లోని ఖగడియా నుంచి లింగంపల్లికి వచ్చిన రైల్లోని హమాలీలకు ప్రభుత్వమే ఎదురేగి స్వాగతం పలికింది. అవసరం ఉన్నప్పుడు పరాయితనం కనిపించదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

కాని ఈ వాదం ఒక చోట చిక్కుపడుతుంది. పోటీయే కారణమైతే పోటీ నేరుగా తగిలేవారే ఎక్కువ వ్యతిరేకించాలి. పరిశోధనల్లో మాత్రం సొంత ఉద్యోగానికి వచ్చే ముప్పు కంటే 'దేశానికీ ఊరికీ నష్టం జరుగుతోంది' అన్న భావనే వైఖరిని ఎక్కువగా నిర్ణయిస్తున్నట్లు పదే పదే తేలింది. బస్తాకు ఇంతని కూలి తగ్గిపోయిన స్థానిక హమాలీ కోపం అర్థమయ్యేదే. కాని మిల్లు గడప తొక్కని ఉద్యోగస్థుడు అతనికంటే గట్టిగా మాట్లాడడం మనం చూస్తూనే ఉన్నాం.

కట్టుబొట్టు వాదం ఆ ఖాళీని పూరిస్తానంటుంది. 2008 మేలో దక్షిణాఫ్రికాలోని అలెగ్జాండ్రాలో మొదలైన దాడుల్లో 62 మంది చనిపోగా వారిలో మూడో వంతు దక్షిణాఫ్రికా పౌరులే. త్సోంగా, వెండా భాషలు మాట్లాడే స్వదేశీయులపై కూడా పరాయివారన్న ముద్ర పడింది. మాట తీరే ఇక్కడ నేరమైంది. ఇది చూసినవారికి సంస్కృతే అసలు కారణమనిపించడం సహజం. అయితే సంస్కృతి దగ్గరైన చోట ఆదరణ నిలవాలి కదా? యుద్ధం నుంచి పారిపోయి తుర్కియేకు వచ్చిన సిరియన్లను మొదట 'అతిథులు' అన్నారు. ఇరువైపులా సున్నీ ముస్లింలే అధికం. 2021 నాటికి నమోదైన సిరియన్ల సంఖ్య 37 లక్షలు దాటింది, ఆ ఏడాది ఆగస్టులో అంకారాలోని అల్తిందాగ్‌లో వారి ఇళ్ళపైనా దుకాణాలపైనా దాడులు జరిగాయి, 2023 అధ్యక్ష ఎన్నికల్లో వారిని పంపించడమే ప్రచార నినాదమైంది. ఇంత దూరం పోనవసరం కూడా లేదు. 1919 నాటి నిజాం ఫర్మానాతో బలపడిన ముల్కీ నిబంధనలు (ఉద్యోగాలు స్థానికులకేనన్న నియమాలు), 1952, 1969 ఆందోళనలు తెలిసిన తెలంగాణకు భాష ఒకటైనంత మాత్రాన ఉద్యోగాల దగ్గర తగాదా ఆగదని ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు.

అందుచేత సంస్కృతి సామీప్యం తొలి నెలల ఆదరణను నిర్ణయిస్తుందే తప్ప ఐదారేళ్ళ తరువాతి వైఖరిని నిర్ణయించదన్నది నా అభిప్రాయం. ఆ తరువాతి కాలాన్ని వివరించేది మూడవదైన పంపకమే.

ఉగాండా, కెన్యాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఇది స్పష్టమవుతుంది. కెన్యాలో 1991లో దదాబ్, 1992లో కకుమా శిబిరాలు వెలిశాయి. శరణార్థి శిబిరంలోనే ఉండాలి, స్వేచ్ఛగా తిరగరాదు, పని చేసుకోవడానికి అనుమతి దొరకడమే గగనం. శిబిరం వల్ల చుట్టుపక్కల వ్యాపారం పెరిగినా, లోపలివారికి రేషన్ అందుతుండగా బయట కరువులో ఉన్న, కకుమా ప్రాంతపు తుర్కానా తెగ పశుపాలకుడు కట్టెలమ్మి ఆ రేషన్‌లో కొంత సంపాదించుకోవలసిన స్థితి. 2016లో దదాబ్‌ను మూసివేస్తామని ప్రభుత్వం ప్రకటించింది, మరుసటి ఏడాది హైకోర్టు దాన్ని అడ్డుకుంది. ఉగాండా 2006 చట్టం శరణార్థికి పని చేసుకునే, తిరిగే హక్కులిచ్చింది. శరణార్థుల కోసం కేటాయించిన సెటిల్‌మెంట్లలో ఒక చిన్న భూమి చెక్క కూడా ఇస్తారు. అంతకంటే ముఖ్యంగా, శరణార్థుల కోసం వచ్చే సాయంలో దాదాపు 30 శాతం ఆతిథ్యమిచ్చిన స్థానికులకు చెందాలన్న నియమం పెట్టుకుంది. బిడిబిడి సెటిల్‌మెంట్ వంటి చోట కొత్త బోరు, కొత్త బడి ఇద్దరికీ కలిపి వచ్చాయి. శరణార్థులు ఎక్కువగా చేరిన ప్రాంతాల్లో బడి, దవాఖాన, రోడ్డు మెరుగుపడ్డాయనీ, స్థానికుల వైఖరి చెడలేదనీ అక్కడ జరిగిన ఒక అధ్యయనం చెప్పింది. ఉగాండా ప్రజలు స్వభావరీత్యా ఉదారులనుకోవడానికి వీల్లేదు. 1972లో ఇదీ అమీన్ పాలనలో భారత సంతతివారికి 90 రోజుల గడువిచ్చి వెళ్ళగొట్టిన దేశమూ అదే.

తుర్కియే కథ కూడా ఈ వెలుగులో వేరుగా కనిపిస్తుంది. 2016 చివర నుంచి ఐరోపా సమాఖ్య సొమ్ముతో శరణార్థి కుటుంబాలకు ఒక కార్డు ద్వారా నెలనెలా నగదు అందింది. అది తుర్కియే ఖజానా సొమ్ము కాదు. అయినా ఆ కార్డు లేని పేద తుర్కియే పౌరుడు దాన్ని ఎలా చూసి ఉంటాడో ఊహించడం కష్టం కాదు. సాయం ఎంత అన్నదాని కంటే క్యూలో ఎవరు నిలబడ్డారన్నదే జనం గుర్తుపెట్టుకుంటారు.

పంపకం వాదానికీ ఒక లోపముంది, దాన్ని దాచకూడదు. అది బయటి సొమ్ము మీద ఆధారపడుతుంది. దాతల నిధులు తగ్గి ప్రపంచ ఆహార కార్యక్రమం 2023లో ఉగాండాలో రేషన్ కోసినప్పుడు ఆ ఏర్పాటు పునాదులే కదిలాయి. రాజకీయం కూడా పంపకాన్ని తిరగరాయగలదు. ఐవరీ కోస్ట్‌లో భూమి దున్నినవాడిదేనన్న తొలి అధ్యక్షుడు హూఫ్వే బ్వాన్యీ మాట నమ్మి బుర్కినా ఫాసో నుంచి వచ్చినవారు కోకో తోటలు పెంచారు. కోకో ధర కూలిన తరువాత 1990లలో నాయకులు 'అసలైన ఐవరీయుడెవరు' అన్న ప్రశ్న లేవదీశారు, 1998 చట్టం గ్రామీణ భూమిపై యాజమాన్యాన్ని పౌరులకే పరిమితం చేసింది, 2002లో అంతర్యుద్ధం మొదలైంది. ఇందులో పోటీ ఉంది, కట్టుబొట్టు ఉంది. కాని ఇచ్చిన వాటాను వెనక్కి లాక్కోవడమే నిప్పు రాజేసింది.

మిర్యాలగూడకూ మహబూబ్‌నగర్‌కూ ఈ లెక్క వర్తిస్తుంది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం (2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది) ఒకే రకమైన పనికి వలస కార్మికుడికీ స్థానికుడికీ ఒకే కూలి ఇవ్వాలని నిర్దేశించింది. అలాంటి నియమం బట్టీలోనూ మిల్లులోనూ నిజంగా అమలైతే లేబర్ అడ్డా మీద నిలబడిన స్థానికుడికి బిహారీ హమాలీ తక్కువకు వచ్చేవాడిగా కాక పక్కన బస్తా మోసేవాడిగా కనిపిస్తాడు. అమలు కాని చోట యజమాని మిగుల్చుకున్న సొమ్ము ఎవరికీ కనిపించదు, కంటికి కనిపించేది కొత్తగా దిగిన ముఠా మాత్రమే.